ఆవిరి తగ్గని గురువారం

ఆసుపత్రి లాండ్రీలో కొత్తగా పనికి వచ్చినవాళ్ళకి ముందుగా చెప్పేవి రెండే మాటలు. ఇస్త్రీ మిషన్ పై పలక దగ్గర చెయ్యి పెట్టొద్దు, చిటపట పిన్ని దగ్గర నోరు పెట్టొద్దు. రెండూ కాలతాయి.

ఆ పేరు బయటివాళ్ళు పెట్టింది కాదు, సొంత మొగుడే పెట్టాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పెళ్ళైన కొత్తలో వంటింట్లోంచి చప్పుడు వినబడితే తలుపు దగ్గరికి వచ్చి, "ఇది పెనమా, నువ్వా?" అని అడిగాడట. ఆ మాట పక్కింటి గోడ దాటి, వీధి దాటి, ఆసుపత్రి గేటు కూడా దాటింది. ఇప్పుడు హాజరు పట్టీ రాసే గుమాస్తా కూడా ఆవిడ అసలు పేరు కోసం పాత పుస్తకం తిరగేయాల్సిందే.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడది ఒకటే చోటు, కిటికీ పక్కనున్న ఆవిరి ఇస్త్రీ మిషన్. దుప్పటి పరచడం, పలక దించడం, తీయడం, మడవడం. పంతొమ్మిదేళ్ళుగా ఆ మిషన్‌ని తిట్టడం కూడా. ఎందుకంటే గోడ అవతల మరిగే నీళ్ళతో ఉతికే వేడి మిషన్‌కీ దీనికీ ఆవిరి ఒకే గొట్టంలోంచి వస్తుంది. అక్కడ వేడి మిషన్ తిరగడం మొదలైతే ఇక్కడ ఆవిరి కొలిచే ముల్లు పడిపోతుంది, పలక ఉస్సూరుమంటుంది, ఒక్క దుప్పటికి రెండు దుప్పట్లంత సేపు పడుతుంది. పొద్దున పదింటికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి. "వచ్చాడమ్మా నా సవతి కొడుకు, పాలన్నీ వాడికే" అని ఆవిడ గోడని తిట్టిందంటే, గడియారం చూడకుండానే అందరికీ టైము తెలిసిపోయేది.

ఇంత నోరున్న మనిషి దుప్పటి చివరి మడత దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగేది. అరచెయ్యి దాని మీద ఆనించి, పెదవి కదపకుండా, "ప్రభువా, దీనిమీద పడుకునే మనిషికి కాస్త నిద్ర పట్టించు" అనుకునేది. రోజుకి మూడు వందల దుప్పట్లు, మూడు వందల సార్లు. చిన్నప్పుడు ఆవిడకి దేవుడంటే పరీక్షల ముందు గుర్తొచ్చే మనిషి, అంతే. ఆదివారం చర్చికి పోవడం కూడా ఇంట్లోవాళ్ళు ఊరుకోరని పోవడమే. భక్తి అనేది ఆవిడలో పెరిగిందంటే పాటల వల్ల కాదు, ప్రసంగాల వల్ల కాదు. ఒక్కో మడత చొప్పున పెరిగింది.

ఆ అలవాటు నేర్పింది వదిన. చనిపోయిన పెద్దన్నయ్య భార్య. అదే లాండ్రీలో మూటలు వేరు చేసే గదిలో పాతికేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి అందరూ ఆవిడని ముడుల వదిన అంటారు. చిటపట పిన్నిని పనిలో పెట్టించిందీ ఆవిడే. మొదటిరోజు మధ్యాహ్నానికే కాళ్ళు పీకి, "ఈ గుడ్డల గుట్ట నా వల్ల కాదు" అని పిన్ని కూలబడితే, ముడుల వదిన ఒక దుప్పటి చేతికిచ్చి, "గుడ్డ అనుకుంటే బరువే. మనిషి అనుకో. మొహం మనకి కనబడదు, పక్క మాత్రం మనమే వేస్తాం. ఒక్క మాట చెప్పి పంపించు" అంది. అలా ఆ అలవాటు పట్టుబడింది.

అలాంటి వదినా మరదళ్ళ మధ్య మూడు నెలలుగా మాటల్లేవు. కారణం వింటే చిన్నపిల్లల తగవులా ఉంటుంది. చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి కొత్త నాయకురాలు కావలసి వచ్చింది. ఆ హాలు ఎనిమిదేళ్ళుగా ప్రతి శనివారం ఊడ్చి తుడిచింది చిటపట పిన్ని. కుర్చీలు వేసింది, తీసింది, పైకప్పు కారితే బకెట్లు పెట్టింది. నాయకురాలిగా ముడుల వదిన పేరు చదివారు. సంఘ పెద్ద చదివిన ఆ పేరు విని అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని కూడా కొట్టింది, చేతులు మండేలా కొట్టింది. ఇంటికొచ్చాక మొగుడితో, "చీపురు నాకు, మైకు ఆవిడకి" అంది. ఆ రోజు నుంచి నడవాలో వదిన ఎదురైతే గోడ మీదున్న మంటలార్పే గొట్టాన్ని చూస్తూ పోయేది. వదిన ఒకటి రెండుసార్లు "ఏమ్మా" అంది. గొట్టమే పలకాలి.

ఇలా ఉండగా ఒక గురువారం వచ్చింది.

ఆసుపత్రి మూటల సంగతి కొంచెం తెలిస్తేనే ఆ గురువారం అర్థమవుతుంది. మామూలు వార్డుల మాసిన దుప్పట్లు ఒక ముడితో వస్తాయి. అంటురోగాల వార్డువి రెండు ముడులతో వస్తాయి. ఒక ముడి మూటల్ని ముడుల వదిన విప్పి, మామూలు నీళ్ళతో ఉతికే పెద్ద మిషన్ బండిలో వేస్తుంది. రెండు ముడుల మూటని ఎవరూ విప్పకూడదు. ముడితో సహా వేడి మిషన్ బండిలో వేయాలి, మరిగే నీళ్ళలో ఒక విడత తిరిగాకే విప్పాలి. అందుకే వాటి మూలల్లో మెలి తిరిగిన ముడత ఒకటి మిగిలిపోతుంది. నీళ్ళు చల్లి రెండుసార్లు అదిమితే గానీ అది పోదు. వేరే గుట్టగా, ఎర్ర పట్టీ కట్టి వస్తాయవి.

ఆ గురువారం మామూలు గుట్టలో, ఎర్ర పట్టీ లేకుండా, మెలి ముడత ఉన్న దుప్పటి ఒకటి పిన్ని చేతికి తగిలింది. తర్వాత ఇంకొకటి. చివరికి లెక్కపెడితే ఇరవై మూడు. మామూలు గుట్టలో ఆ ముడత కనబడితే పక్కన పెట్టి కబురు చేయాలి, ఆ విడత ఉతికినవన్నీ మళ్ళీ వేడి నీళ్ళలో ఉతకాలి. పంతొమ్మిదేళ్ళ మనిషికి ఆ నియమం తెలియక కాదు. ఆవిడ బుర్రలో వెలిగింది మాత్రం వేరే. "చూశారా, నాయకురాలట. బండ్లు మార్చి వేసింది. మైకు మీద ఉన్న ధ్యాస ముడుల మీద ఉంటే కదా." పక్కన పెడితే వదిన తప్పు అక్కడికక్కడే సర్దుకుపోతుంది. పెట్టకపోతే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అంతవరకే ఆలోచించింది. నీళ్ళు చల్లింది, రెండుసార్లు అదిమింది, మడిచింది. ఆ రోజు మిషన్ కూడా ఎందుకో మంచి ఊపు మీద ఉంది. నాలుగింటికల్లా పని అయిపోయి, ఇంటికెళ్ళి మొగుడితో ఆ మాట గొప్పగా చెప్పుకుంది కూడా.

మూడు వారాలు తిరిగేసరికి ఆపరేషన్ల వార్డులో పదకొండు మందికి దురద పట్టుకుంది. దుప్పట్ల వల్ల కాదు. వాటితో కలిసి పెద్ద మిషన్‌లో తిరిగి, ఇస్త్రీ లేకుండా తీగల మీద ఆరి, నేరుగా వార్డుకు పోయిన తువాళ్ళ వల్ల. ఒక ముసలావిడ గోకి గోకి కుట్లు తెంచుకుంది. విచారణ అన్నారు.

లాండ్రీ సూపర్‌వైజరు చిటపట పిన్నిని అద్దాల గదికి పిలిచాడు. చర్చిలో ఆదివారం ప్రభువు పేరున పంచే రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగే సంఘ పెద్ద కూడా ఆయనే. మనిషి మెత్తన, మాట మెత్తన, జుట్టుకి నూనె కూడా లెక్కగా రాస్తాడు.

"సహోదరీ, ఆ వారంలో మామూలు గుట్టలో మెలి ముడత దుప్పట్లేమైనా కనబడ్డాయా?"

"కనబడ్డాయి అన్నగారూ. గురువారం. ఇరవై మూడు."

"అంటే బండ్లు తారుమారయ్యాయన్నమాట."

"అన్నమాటే."

ఆయన కాగితం మీద ఆ మాట రాశాడు, ఆవిడ సంతకం పెట్టింది. మరి నువ్వెందుకు పక్కన పెట్టలేదని ఆయన అడగలేదు. అడగలేదేమని ఆవిడకి తట్టనూ లేదు.

మర్నాడు ముడుల వదినని పనిలోంచి తీసేశారు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆసుపత్రి వెనక ఉద్యోగుల వరసలో ఆవిడ ఉండే ఒంటి గదిని వచ్చే శనివారానికల్లా ఖాళీ చేయమన్నారు. పెద్దన్నయ్య కన్ను మూసింది ఆ గదిలోనే.

చేసిన తప్పుకి శిక్ష పడిందిలే అని పిన్ని తనకి తాను చెప్పుకుంది. కానీ ఆ రోజు మొదటి దుప్పటి చివరి మడత దగ్గర అరచెయ్యి ఆనిస్తే మాట రాలేదు. "ప్రభువా" దగ్గరే ఆగిపోయింది. రెండో దానికీ అంతే. కోపమొచ్చి దుప్పటిని గుట్ట మీదకి విసిరింది. ఆదివారం చర్చిలో ఇంకా అన్యాయం. రొట్టె తీసుకునే ముందు అక్కడ ఒక పద్ధతుంది. మనసులో ఎవరి మీదైనా కోపమనే ముల్లు ఉంటే చేతులు ఒడిలోనే ఉంచుకోవాలి, పళ్ళెం ముందుకు సాగిపోతుంది. ఎవరు ఉంచుకున్నారో వెనక వరసల ఆడవాళ్ళకి సాయంత్రంలోగా తెలిసిపోతుంది. చివరి బల్ల మీద వదిన ఒంటరిగా కూర్చుంది. మైకు దగ్గరికి ఎవరూ పిలవలేదు. సంఘ పెద్ద తెల్ల గుడ్డ పరిచిన పళ్ళెంతో వచ్చి, శాంతి కలగాలనే అర్థంలో, "సమాధానం సహోదరీ" అన్నాడు. పిన్ని చేతులు ఒడిలోంచి లేవలేదు. ఎందుకు లేవలేదో ఆవిడకే తెలియక, ఆ పూటంతా మొగుడి మీద విరుచుకుపడింది.

మంగళవారం పొద్దున పదింటికి, ఎప్పటిలాగే, ముల్లు పడిపోయింది. పలక ఉస్సూరుమంది.

"వచ్చాడమ్మా నా సవతి..." అని మొదలుపెట్టి పిన్ని అక్కడే ఆగిపోయింది.

ఆ గురువారం వీడు రాలేదు.

పదింటికీ రాలేదు, రెండింటికీ రాలేదు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ముల్లు కదలలేదు. మిషన్ గుర్రంలా పరిగెత్తిందని మొగుడితో చెప్పింది తనే. అంటే ఆ రోజు వేడి మిషన్ తిరగనే లేదు. తిరగకపోతే, వదిన ఏ బండిలో వేస్తే ఏమిటి? ఒకటీ అరా మూటంటే చెయ్యి తప్పింది అనుకోవచ్చు. ఇరవై మూడు దుప్పట్లంటే వార్డు వార్డంతా. పాతికేళ్ళుగా ముడులు తడుముతున్న చెయ్యి వార్డంతటినీ తప్పుగా వేస్తుందా?

పలక ఎత్తకుండా వదిలేసింది. దుప్పటి మాడు వాసన వస్తే పక్క మిషన్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఎత్తింది. పిన్ని అప్పటికే గోడ అవతల ఉంది.

అక్కడ మిషన్లు నడిపే ముసలాయన్ని అందరూ తాత అంటారు. ఆవిడ మొహం చూడగానే ఆయన నూనె డబ్బా తీసుకుని మిషన్ వెనక్కి పోబోయాడు.

"తాతా, ఆ గురువారం వేడి మిషన్‌కి ఏమైంది?"

"నన్నడక్కమ్మా."

"నిన్ను కాకపోతే మిషన్‌ని అడగనా. అది చెప్పేసింది. నువ్వు కూడా చెప్పు."

తాత నూనె డబ్బా కింద పెట్టాడు. "తలుపు రబ్బరు చిరిగింది. నీళ్ళు నిలవలేదు. మర్నాడు పొద్దున గానీ రాలేదు కొత్తది. ఆ రెండు ముడులవి పెద్ద దాంట్లో వేసెయ్యమన్నాడు సూపర్‌వైజరు. నేను వద్దన్నాను. వార్డుల్లో పరచడానికి దుప్పట్లు లేవన్నాడు."

"మరి మా వదినని తీసేస్తుంటే నోరెక్కడ పెట్టుకున్నావు?"

"నీ నోరెక్కడ పెట్టుకున్నావో అక్కడే," అన్నాడు తాత మెల్లగా. "సంతకం నువ్వు పెట్టావని విన్నాను."

అద్దాల గది తలుపు తట్టకుండా తోసుకుని పోవడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. సూపర్‌వైజరు టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు.

"అన్నగారూ, ఆ గురువారం వేడి మిషన్ తిరగలేదు."

బిస్కెట్టు టీలో పడిపోయింది. ఆయన దాన్ని చెంచాతో తీద్దామని చూసి, మానేసి, తలుపు వేయమని సైగ చేశాడు. ఆవిడ వేయలేదు.

"కూర్చో సహోదరీ. ఆ రోజు నా పరిస్థితి నీకు తెలియదు. రోగుల్ని ఉత్త మంచాల మీద పడుకోబెట్టమంటావా? రెండుసార్లు తిప్పించాను. ఏం కాదనుకున్నాను."

"అనుకోవడం తప్పు కాదు. ఆ మాట కాగితం మీద రాయలేదేం? ఆవిడ మూట ఎక్కడ వేసిందో మీకు తెలుసు. తెలిసి ఆవిడ నెత్తిన పెట్టారు. పెట్టి, ఆదివారం పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందుకే వెళ్ళి సమాధానం అన్నారు. ఆ చేతులు వణకలేదా?"

"మనమంతా ఒక సంఘం. బయటపడితే సంఘం పరువు పోతుంది. నేను ఆమె కోసం వేరేచోట పని చూస్తున్నాను. ముందు మనిద్దరం ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం." ఆయన నిజంగానే తల వంచాడు.

"వద్దు," అంది పిన్ని. "మీరిప్పుడు కళ్ళు మూసుకుంటే నేను నోరు తెరుస్తాను. లాండ్రీ అంతా వినబడుతుంది."

ఆయన తల ఎత్తాడు. మెత్తదనం అలాగే ఉంది, కానీ కింద ఏదో గట్టిపడింది. "తెరిస్తే నీకే నష్టం. ముడత నువ్వు చూశావు. పక్కన పెట్టకుండా ఇస్త్రీ చేసి పంపావు. ఎందుకు పంపావని పైవాళ్ళు అడిగితే ఏం చెబుతావు? నేను అడగకుండా వదిలేశాను. అది నీ మేలు కోరి."

జవాబు లేని కోపం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకి తెలిసింది. ఒక మూతకి సొట్ట పడింది. తోముతూ తోముతూ పైకే అరిచింది. "నువ్వు చూస్తూనే ఉన్నావు కదా. పంతొమ్మిదేళ్ళు వచ్చేపోయే వాళ్ళందరి నిద్ర గురించి నీకు చెప్పాను. ఒక్కనాడన్నా నాకోసం అడిగానా? ఆ మెత్తటాయన చేతికి నీ పళ్ళెం ఎలా ఇచ్చావు? మా వదిన నోరు లేనిదని వదిలేశావా?"

మొగుడు పేపరు దించి, "ఎవరితో?" అన్నాడు.

"ఆయనతో."

"ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు."

"నువ్వు సందిస్తే కదా." ఆయన లేచి వచ్చి, తడి గిన్నె ఒకటి అందుకుని తుడవడం మొదలుపెట్టాడు. "ఆ పెద్దమనిషి మీద కోపం సరే. అక్కడ తప్పుంది. కానీ ఈ గిన్నె మీద నువ్వు కొడుతున్నది ఆయన్ని కాదు. చూస్తే తెలుస్తోంది."

పిన్ని చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. ఇరవై మూడు దుప్పట్లు కళ్ళముందు వరసగా పేర్చినట్టు కనబడ్డాయి. ప్రతి దాని చివరి మడత దగ్గరా ఆ రోజు తను అరచెయ్యి ఆనించింది. అలవాటు చెయ్యి, ఆనక మానదు. కానీ లోపల అనుకున్న మాట నిద్ర గురించి కాదు. "తగిన శాస్తి జరగాలి, తగిన శాస్తి జరగాలి." ఇరవై మూడు సార్లు. ఎవరి పక్క మీద ఆ మాట పరిచింది? కుట్లు తెంచుకున్న ముసలావిడ పక్క మీద. సూపర్‌వైజరు రబ్బరు సంగతి దాచిపెట్టాడు. తను ముడత అదిమేసింది. ఇద్దరిలో ఎవరిది మెత్తటి పాపమో తేల్చుకోలేక పళ్ళు నూరింది.

చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని, ఉద్యోగుల వరసకి నడిచింది. ఇంకా వెలుతురుంది. నాలుగు తలుపుల్లోంచి నాలుగు తలలు తొంగి చూశాయి. ముడుల వదిన గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల సామాను మూటలు కట్టి ఉంది, అన్నీ రెండు ముడులు.

"నేనే వదినా."

"మడతలు పెట్టడానికొచ్చావా? అయిపోయాయి."

పిన్ని గుమ్మం అవతలే నిలబడి అంతా చెప్పింది. ఆవిరి సంగతి, రబ్బరు సంగతి, చివరికి ఇరవై మూడు సార్లు అనుకున్న మాట కూడా. వదిన మొత్తం విని, గోడ మీంచి పెద్దన్నయ్య ఫోటో తీసి, తువాల్లో చుట్టింది.

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు?"

"నీకు చెప్పాలి కదా."

"నేను మూటలు సరిగ్గా వేశానని నాకు తెలియదా? సంతకం నా దగ్గర పెట్టావా? పెట్టిన చోట చెప్పు." ఆవిడ గొంతు పెంచలేదు. "నాకు చెప్పి నీ గుండె బరువు దింపుకుని పోదామని వచ్చావు. నా గది సామానుతో నిండిపోయింది, ఇంక చోటు లేదు." తలుపు వేసేసింది.

చిటపట పిన్ని వీధిలో నిలబడి ఆ తలుపుని చూసింది. ఇంకో రోజయితే ఆ తలుపు మీద పది మాటలు పడేవి. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, "కోపం తగ్గించమని అడగను. రేపు నోరు మాత్రం తప్పించుకోకుండా చూడు" అంది పైకి చూసి. పంతొమ్మిదేళ్ళలో తనకోసం అడిగిన మొదటి మాట అదే.

బుధవారం పొద్దున, లాండ్రీకి కూడా పైఅధికారి అయిన మేట్రన్ గారి గది తెరవకముందే వెళ్ళి నిలబడింది. మేట్రన్ పొట్టి మనిషి, జవాబు పూర్తి కాకముందే తర్వాతి ప్రశ్న వేసే మనిషి. అంతా విని, పెన్ను మూత తీసింది.

"చూశావు. ఎందుకు పక్కన పెట్టలేదు?"

"వదిన మీద కోపం."

"ఎందుకు?"

"చర్చిలో చీపురు నాకిచ్చి మైకు ఆవిడకిచ్చారని."

మేట్రన్ నవ్వలేదు. నవ్వితే బాగుండునని పిన్నికి అనిపించింది. పెన్ను మూత పెట్టి, లేచి, నేరుగా లాండ్రీకి నడిచింది. తాతని పిలిచి వేడి మిషన్ తిప్పమని, తను ఇస్త్రీ మిషన్ ముందు నిలబడింది. ముల్లు పడింది. ఆపమంది. ముల్లు లేచింది. మళ్ళీ తిప్పించింది, మళ్ళీ పడింది. ఇలా మూడుసార్లు. తర్వాత మరమ్మతుల విభాగానికి మనిషిని పంపితే, ఆ శుక్రవారం పొద్దున కొత్త రబ్బరు వేసిన చీటీ దొరికింది. తాత నోరు కూడా అప్పుడు దొరికింది. అద్దాల గదిలో సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవడం గాజులోంచి అందరూ చూశారు.

శనివారం వదిన మూటలు విప్పుకుంది. సూపర్‌వైజరుని ఆ పదవి నుంచి తీసి సామాన్ల గోదాముకు మార్చారు. చిటపట పిన్నికి రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చారు. దానితోపాటు ఆర్నెల్లు ఇస్త్రీ మిషన్ ముట్టుకోకూడదు, మూటలు వేరు చేసే గదిలో పని నేర్చుకోవాలి. నేర్పేది ఎవరో కాగితంలో రాయలేదు, రాయనక్కర లేదు.

మొదటిరోజు ఆ గదిలో ఇద్దరే. వాసనకి పిన్ని ముక్కు మూసుకుంది. వదిన చేతితొడుగులు విసిరింది.

"ముక్కు మూసుకుంటే చేతులెన్ని మిగులుతాయి?"

"ఒకటి."

"రెండు కావాలి." కాసేపయ్యాక, తల తిప్పకుండా, "నేను క్షమించేశానని అనుకోకు."

"అనుకోలేదు."

"పైకి చెప్పడం నాకూ వచ్చు. మైకులో అయితే ఇంకా బాగా వచ్చు. లోపల ఇంకా మండుతూనే ఉంది."

"నాకూ మండుతోంది. ఆ గోదాము ముందు నుంచి పోతే మెడ పట్టుకోవాలనిపిస్తుంది."

"మరి ఆయన కోసం ప్రార్థన చేశావా?"

"చేశాను. పళ్ళు బిగబట్టుకుని చేశాను."

"వినబడి ఉంటుందిలే," అంది వదిన. "నువ్వు పళ్ళు కొరికితే గేటు దాకా వినబడుతుంది."

ఆదివారం పళ్ళెం ఇంకెవరో పట్టుకున్నారు. పాత సంఘ పెద్ద వెనక తలుపు పక్కన, ఇదివరకు వదిన కూర్చున్న బల్ల మీద కూర్చున్నాడు, చేతులు ఒడిలో. వదిన వచ్చి పిన్ని పక్కన కూర్చుంది. ఇష్టపడి కాదు, వేరే చోటు లేక అన్నట్టుగా. పళ్ళెం వాళ్ళ వరసకి వచ్చింది. పిన్ని చేతులు కదపలేదు. ఓరకంట చూసింది. వదిన చేతులు కూడా ఒడిలోనే ఉన్నాయి. వెనక వరసల్లో గుసగుస మొదలైంది. నాయకురాలే తీసుకోకపోతే ఎలా అని.

"నువ్వు తీసుకో వదినా. నువ్వేం తప్పు చేశావు?"

"నీ మీద ముల్లుంది కదా. అబద్ధం ఆడమంటావా?" వదిన పళ్ళేన్ని పక్కవాళ్ళకి అందించింది. "తగ్గాక నేనే చెబుతాను. అప్పుడు ఇద్దరం ఒకేసారి తీసుకుందాం."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నీ నోటిని బట్టి."

సోమవారం పొద్దున పదింటికి, గోడ అవతల వేడి మిషన్ మొదలైంది. ఆ పక్కన ఇస్త్రీ మిషన్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, "అబ్బా, ఇదేంటిది" అని విసుక్కోవడం వినబడింది. పిన్ని రెండు ముడుల మూట ఒకటి ఎత్తింది. ముడి మీద అరచెయ్యి ఆనించి ఆగింది. "ప్రభువా" అంది. మొరాయిస్తూనే మిగతా మాట కూడా వచ్చింది.

"పెదవులు తర్వాత," అంది వదిన. "బండి అది కాదు, ఇటుది."

పిన్ని మూటని ఇటు బండిలో వేసింది. వదిన వచ్చి ఆ ముడిని ఒకసారి తడిమి చూసి, తర్వాతి మూట అందించింది.